తాటిచెట్టే కొలబద్ద: సిక్కోలు, విజయనగరం పల్లెల వింతలు

వెనకబడిన జిల్లాల జాబితా ఎప్పుడు తీసినా మా సిక్కోలు, విజయనగరం పేర్లు ముందే ఉంటాయి. మరి ముందుండే జాబితా అదొక్కటేనా? పెద్దవి, చిన్నవి, పాతవి, జోరైనవి ఏరుకుంటూ పోతే ఇక్కడి పల్లెల్లోనే బుట్ట నిండిపోతుంది. పట్నాలను పక్కన పెట్టేద్దాం, వాటి గొప్పలు వాటికి ఎలాగూ ఉన్నాయి. కొలవడానికి రెండే కొలతలు. ఎత్తుకి, పొడవుకి తాటిచెట్టు: బాగా ఎదిగింది 60 అడుగులనుకుందాం. బరువుకి ధాన్యం బస్తా: 80 కిలోలు. ఇక పదండి.

పొడవులో మొదటి పీట సముద్రపు ఒడ్డుది. ఇచ్ఛాపురం వైపు నుంచి రణస్థలం దాకా శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. పాత లెక్కల్లో ఆంధ్ర తీరమంతా కలిపి 974 కిలోమీటర్లు కాబట్టి, అయిదింట ఒక వంతు ఈ ఒక్క జిల్లాదే. తాటిచెట్లను వరసగా పడుకోబెట్టుకుంటూ పోతే పదివేల అయిదువందలు కావాలి. పక్కింటి విజయనగరానికి దక్కింది 28 కిలోమీటర్లే. అన్న ఏడు ముంతలు తాగితే తమ్ముడికి ఒక్క ముంత!

పోటాపోటీలో మొదటి బహుమతి నదులది. ఒడిశా కొండల్లో పుట్టి సిక్కోలు సీమలో కడలి చేరే నాగావళి పొడవు 256 కిలోమీటర్లు, వంశధార పొడవు 254. తేడా రెండే రెండు కిలోమీటర్లు, పొద్దున్న పొలానికి నడిచి వెళ్లేంత దూరం. వరదొస్తే మాత్రం ఏది పెద్దదో ఒడ్డునున్న ఊళ్లకు అడక్కూడదు.

ఏరుల కూడలిలో కిరీటం వంగర మండలం సంగాం గ్రామానిది. నాగావళి, సువర్ణముఖి, వేగావతి మూడూ ఇక్కడే కలుస్తాయి. నాగావళి ఒడ్డున బలరాముడు నిలిపాడని చెప్పుకునే అయిదు శివలింగాల్లో ఒకటి ఈ ఊళ్లోని సంగమేశ్వరుడు.

పేర్లలో ఛాంపియన్ ఎవరనుకున్నారు? 'వలస'. ఆమదాలవలస, కొత్తవలస, రవివలస, మద్దువలస, తిప్పలవలస... బస్సు కిటికీలోంచి పలకలు చదువుతూ కూర్చుంటే వేళ్లు చాలవు. ఎక్కడినుంచో వచ్చి స్థిరపడ్డ ఊళ్లని పేరే చెబుతోంది. ఇప్పుడు అవే ఊళ్ల జనం చెన్నైకీ, హైదరాబాదుకీ, గుజరాత్ రేవులకీ వలస పోతున్నారు. పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

రాజధానిగా ఉండి పల్లెగా మారిన ఊళ్లలో ముందు చెప్పాల్సింది జలుమూరు మండలం శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున ఇవాళ పొలాల మధ్య ఒదిగి ఉన్న ఈ ఊరే ఒకనాటి కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. తూర్పు గాంగులు తమకంటూ ఒక శకమే పెట్టుకున్నారు, క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైంది. ఇక్కడ 1078లో పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు దాదాపు 70 ఏళ్లు ఏలాడు. ఇంగ్లండు రాణి రెండో ఎలిజబెత్ 70 ఏళ్లు గద్దె మీదుందని లోకమంతా నోరెళ్లబెట్టింది. మనవాడు ఆ పని ఎనిమిదివందల ఏళ్ల ముందే చేసి కూర్చున్నాడు. పూరీలో జగన్నాథుడి పెద్దగుడికి పునాది వేయించినవాడూ ఇతడే. ఆ గుడి ఎత్తు 214 అడుగులు, అంటే మూడున్నర తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి.

లెక్కల్లో వింత కూడా ముఖలింగానిదే. ఊళ్లోనూ చుట్టుపట్లా కోటి లింగాలకు ఒకటి తక్కువ ఉన్నాయంటారు. 99,99,999! ఎవరూ లెక్కపెట్టిన పాపాన పోలేదు గానీ, ఆ ఒక్కటీ తక్కువ కాబట్టే మనది కాశీ కాలేదని ఊరి పెద్దలు కచ్చితంగా చెబుతారు. ఇప్పచెట్టు మొదట్లో వెలిసిన స్వామి కాబట్టి మధుకేశ్వరుడు. మధూకమంటే ఇప్పే.

గుమ్మం కన్నా పెద్ద కుండ చూశారా? అది కూడా ఆ గర్భగుడిలోనే ఉంది. లింగం వెనక మసక వెలుతురులో ఒక పెద్ద మట్టి గోలెం కనిపిస్తుంది. దాని బొజ్జ చూసి, వెనక్కి తిరిగి మనం వచ్చిన గుమ్మం చూస్తే ఒకదానికొకటి పొసగదు. కుమ్మరి భక్తుడు మొక్కుకుని చేశాడని, గుమ్మంలో పట్టకపోతే రాత్రికి రాత్రి అదే లోపలికి చేరిందని కథ. లోపలే చేసి కాల్చారేమోనని నా అనుమానం. పూజారి ముందు అనలేదు.

వెలుగు కొలతలో మొదటివాడు అరసవల్లి సూర్యనారాయణమూర్తి. గాంగరాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెప్పే ఈ గుడిలో ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదటి రోజుల్లోనూ, పొద్దుటి కిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. ఆ వెలుగు నిలిచేది కొద్ది నిమిషాలే. దానికోసం జనం చీకటితోనే వరస కడతారు. ఒక అక్టోబరులో నేనూ మూడు గంటలు నిలబడ్డాను. సరిగ్గా వేళకి తూర్పున వేలెడంత మబ్బు అడ్డొచ్చింది. కోట్ల మైళ్లు వచ్చిన వెలుగు ఆఖరి గజంలో ఆగిపోయింది!

తాబేలు దేవుడికి పెద్దగుడి ఒక్కటే: గార మండలం శ్రీకూర్మం. విష్ణువు కూర్మరూపంలో మూలవిరాట్టుగా ఉండి నిత్యపూజలు అందుకునే పాతగుడి ఇంతటిది మరోటి లేదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. మిగతా గుళ్లకు ఒక ధ్వజస్తంభం, ఇక్కడ తూర్పున ఒకటి, పడమట ఒకటి. రాతిస్తంభాలు 108, ఒక దాని చెక్కడం ఇంకోదానికి పోలదంటారు. గోడలూ స్తంభాలూ నిండా శాసనాలే. మధ్వ యతి నరహరితీర్థులు 1281లో యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి కూడా ఇక్కడి రాళ్ల మీదే చదవొచ్చు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు గడ్డి మేస్తూ తిరుగుతుంటాయి. ఈ పుట మొత్తంలో అత్యంత నెమ్మది పోటీదారులు ఇవే.

ఒకే మండలంలో ఎక్కువ విశేషాలు పట్టిన రికార్డు కూడా గారదే. శ్రీకూర్మం చెప్పుకున్నాం. అదే మండలంలో వంశధార పక్కన కొండమీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు. 1919లో వీటిని లోకానికి చూపించింది గిడుగు రామమూర్తి పంతులు. అక్కడికి దగ్గర్లోనే వంశధార కడలిలో కలిసేచోట పాతకాలపు ఓడరేవు కళింగపట్నం, దాని దీపస్తంభం. తాబేలు దేవుడు, బుద్ధుడు, ఓడలు, అన్నీ ఒక్క మండలంలో. మోటారుసైకిలు మీద పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు.

కప్పు లేని దేవుడు టెక్కలి దగ్గర రవివలసలో ఉన్నాడు. ఎండల మల్లన్న. లింగం ఎండలో ఎండి, వానలో తడుస్తుంది. పైకప్పు వేస్తే నిలవదని ఊరి నమ్మకం. ఆకాశమంత కప్పు ఇంకెవరికి ఉంది?

చిన్న ఊరు, పెద్ద పండగ. ముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేట అనే పల్లెలో 1863 ఆగస్టు 29న గిడుగు పుట్టారు. వ్యవహారభాషలో రాయాలని జీవితమంతా పోరాడారు. ఇవాళ ఆ తారీకే తెలుగు భాషా దినోత్సవం. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల పైమాటే. అంతమంది పండగకి ఒక్క పల్లెటూరి పుట్టినరోజు ఆధారం. మరో ఘనత ఎక్కువమందికి గుర్తుండదు: కొండల్లో సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ సిద్ధం చేసిన మనిషి కూడా ఈయనే.

ఒకే మనిషి, అయిదు తాళాలు. బొబ్బిలికి చేరువలోని అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు రెండు చేతులతో రెండు, రెండు కాళ్లతో రెండు, తలతో ఒకటి, వేరువేరు తాళాలు ఒకేసారి నడిపేవారు. మామూలు మనిషికి ఒక చేత్తో కడుపు నిమురుతూ ఇంకో చేత్తో తల తట్టుకోవడమే కష్టం, కావాలంటే ఇప్పుడే చూసుకోండి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనే.

ఆ అజ్జాడకి ఇంకో రికార్డు ఇచ్చేద్దాం: కదలకుండా నాలుగు జిల్లాలు తిరిగిన ఊరు. దాసుగారు పుట్టినప్పుడు విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా మాత్రం ఊరేగింది.

బలంలో పాతతరం వీరుడు వీరఘట్టం మనిషి కోడి రామమూర్తి నాయుడు. కలియుగ భీముడు. ఒంటికి చుట్టిన ఇనప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవాడు. కదిలే రెండు కార్లను రెండు చేతులతో ఆపేవాడు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. సగటు ఏనుగు 3 టన్నులనుకున్నా 37 బస్తాల ధాన్యం. ఎడ్లబండి అయినా అంత మొయ్యదు.

కొత్తతరంలో ఆ పీట ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్లది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. రెండూ కలిపితే 240. సరిగ్గా మూడు బస్తాలు, ఒక గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అసలు లెక్క ఇంకోటుంది. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చిన పతకం అదొక్కటే. వంద కోట్ల జనానికి ఒక్క పతకం, అదీ ఊసవానిపేటది.

బరువులెత్తే ఊరు విజయనగరం వైపు కూడా ఉంది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ. ఈ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. మిగతా ఊళ్లలో పిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుంటే ఇక్కడ బార్‌బెల్ పట్టుకుంటారు.

ఇక సన్నదనం. ఈ ఒక్క విజేత దగ్గర కాసేపు కూర్చోవాలి. పొందూరు ఖద్దరు. వంద కౌంటు నూలు వడికే చేతులు ఇక్కడివి. కౌంటంటే ఏమిటో మిల్లు లెక్కలో చెప్తాను: ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అన్ని కౌంట్లు. వంద కౌంటైతే పౌనుకి 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా లేని ఆ నూలు చిలపను విప్పుకుంటూ శ్రీకాకుళంలో బయల్దేరితే విజయనగరం చేరినా ఇంకా చేతిలో మిగులుతుంది.

అంత సన్నటి దారానికి మొదటి పనిముట్టు చేప దవడ! వాలుగ చేప దవడ ఎముకను చిన్న పుల్లకి కట్టి పట్టుకుంటారు. దాని నిండా దువ్వెనలా దగ్గరదగ్గరగా సన్నటి పళ్లు. కొండపత్తి గింజను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దవడ పెట్టి పిల్లకి తల దువ్వినట్టు దువ్వుతారు. చెత్తాచెదారం రాలిపోయి పోగులన్నీ ఒకవైపు వాలతాయి. ఆ తర్వాత చెక్క మీద ఇనపకడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో దూదిని ఎగరేస్తారు. ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో చుట్టి దాస్తారు, చేతి తడి తగిలితే పాడవుతుందని. అప్పటికి గానీ రాట్నం దగ్గరకు పోరు. ఆ రాట్నానికి కదురు ఒక్కటే. పక్కన మిల్లులో వేల కదుళ్లు తిరుగుతుంటే ఇక్కడ ఒక్క కదురు, ఒక్క ఆడమనిషి, ఒక్క పోగు.

చేప దవడ వాడకం ప్రపంచంలో ఇంకెక్కడా లేదని చాలామంది రాస్తుంటారు. చిన్న సవరణ: ఢాకా మస్లిన్ వడికినవాళ్లూ ఈ చేప దవడతోనే పత్తి దువ్వేవారు. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలోనే ఆ పని ఆగిపోయింది, పొందూరులో ఆగలేదు. 1949 నుంచి ఆంధ్ర సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ నూలు కొని, నేయించి, అమ్మిపెడుతోంది. పొందూరు పంచె ఖరీదెక్కువ అని గొణిగేవాళ్లు ఒక్క పూట ఆ దవడ పట్టుకుని కూర్చుంటే చాలు.

ఒక్క దుంగ, ఒక్క వీణ. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస దుంగను అతుకు లేకుండా తొలిచి, కుండ, దండి, యాళి ఒకే మానులో తీస్తారు. దాని మీద 24 మెట్లు. జీఐ గుర్తింపు కూడా దక్కింది. నిలువెత్తు వీణ చేసే ఆ చేతులే బీరువాలో పెట్టుకునే బుల్లి వీణలూ చేస్తాయి. పెళ్లిళ్లకి, సన్మానాలకి ఇప్పుడు పోయేవి ఎక్కువగా ఆ బుల్లివే.

పనస మాటొచ్చింది కాబట్టి బరువైన పండు. చెట్టుకి కాసే పళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది పనసే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది పుణెలో తూచిన 42.72 కిలోల కాయ, అర బస్తా పైన. కవిటి చుట్టూ ఉద్దానంలో తోటల నిండా పనసే, పచ్చికాయలు లారీలకెత్తి ఒడిశా పంపుతారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మిగిలిపోయిందని ఈ సీమలో ఏ పెళ్లిలోనూ నేను వినలేదు.

వేగంలో మొదటి స్థానం, ఇవ్వాలని లేకపోయినా, తిత్లీ తుపానుది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150, విసురులో 165 కిలోమీటర్లు. మన లైన్లలో వందేభారత్ రైలు 130కి మించి పోదు. ఉద్దానంలో తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఆ రెండు మూడు గంటల్లో నేలకొరిగాయి. కొబ్బరిమొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇరుకులో ఛాంపియన్ నౌపడా చిన్న రైలు. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన ఆ లైను పట్టాల మధ్య దూరం 2 అడుగుల 6 అంగుళాలు. బ్రాడ్‌గేజ్‌ది 5 అడుగుల 6 అంగుళాలు. ఉప్పు మడుల పక్కనుంచి పొగ వదులుతూ పోయేది. 2004లో ఆపేసి పెద్దలైను వేశారు.

ఎత్తుకి ఎగబాకడంలో మొదటిది కొత్తవలస–కిరండోల్ లైను. శృంగవరపుకోట దాటాక బొడ్డవర దగ్గర కొండ మొదలవుతుంది. అక్కడినుంచి ఎక్కి ఎక్కి శిమిలిగుడ స్టేషన్ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉంటాం, 54 తాటిచెట్ల ఎత్తు. చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తయినది. లైను మొత్తం మీద సొరంగాలు 58.

భూగర్భశాస్త్రం పుస్తకాల్లోకెక్కిన ఊరు కోడూరు. గరివిడి, చీపురుపల్లి వైపున్న ఈ ఊరి దగ్గర 1892లో మాంగనీసు తవ్వడం మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే నాంది. ఇక్కడి వింత రాయిని పరిశీలించిన ఫెర్మర్ అనే శాస్త్రవేత్త దానికి ఊరి పేరే పెట్టాడు: కోడురైట్. ప్రపంచంలో ఎక్కడ దొరికినా ఆ రాయి పేరు పలికితే మన ఊరి పేరు పలికినట్టే.

ఊగే మానుల్లో రాజు సిరిమాను. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లి పండగలో ఊరేగే మాను పట్నానిదే అయినా చెట్టు మాత్రం ఏదో ఒక పల్లెది. ఈ ఏటి చింతచెట్టు ఏ ఊళ్లో, ఎవరి దొడ్లో ఉందో అమ్మ పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. చెట్టు ఎంపికైన ఇంటివాళ్లు పసుపూ కుంకుమా పెట్టి, ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు సాగనంపుతారు. చెక్కి తీశాక పొడవు ఇంచుమించు ఒక తాటిచెట్టు. దాని కొస మీద కుర్చీలో పూజారి. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేటప్పుడు కింద లక్షల మంది మెడలు పైకెత్తే ఉంటాయి.

ఊరి మధ్యన అతిపెద్ద రెక్కలు తేలినీలాపురంవి. టెక్కలి మండలంలోని ఈ ఊరికి సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు, అదే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకుని మార్చికల్లా వెళ్లిపోతాయి. గూడబాతు రెక్కలు చాపితే ఎనిమిది అడుగుల దాకా, మనం పడుకునే మంచం కన్నా పొడుగు. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. పాపం, ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షే. అయితే ఏం? పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ ఇదే మర్యాద, అక్కడ చుట్టాలు నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు.

ఎక్కువకాలం ఎదురుచూసిన ఊళ్లు డి.మత్స్యలేశం, తిప్పలవలస లాంటి బెస్తపల్లెలు. గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్లిన మనవాళ్లు 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది వాఘా దగ్గర మళ్లీ మన నేల తొక్కింది 2020 జనవరి 6న. 14 నెలలు. పడవ పెద్దను అక్కడ తండేలు అంటారు. ఆ మాట 2025లో సినిమా పేరై ఊరూరా తెలిసింది.

తెగువలో గుడారి రాజమణిపురం వీర గున్నమ్మ. మందస జమీందారీపై తిరగబడిన రైతుల్లో ముందు నిలిచి, 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో ప్రాణం వదిలింది. అప్పటికి గర్భిణి. ఈ విజేతకి పోలిక చెప్పే తాటిచెట్టు లేదు.

నడకలో ఆఖరి గీత ఇచ్ఛాపురం. రాష్ట్రం ఈ కొసన అయిపోతుంది కాబట్టి నాయకుల పాదయాత్రలు కొన్ని ఇక్కడే ముగిశాయి. 2019 జనవరి 9న జగన్ ఇక్కడికి చేరేసరికి 341 రోజులు, 3,648 కిలోమీటర్లు. ఒడిశా వైపు నుంచి చూస్తే మాత్రం రాష్ట్రం ఇక్కడే మొదలు.

కాగితం మీద అతిపెద్దది రణస్థలం మండలం కొవ్వాడ. ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు, మొత్తం 7,248 మెగావాట్లు అని ప్రణాళిక. కాగితం మీంచి నేల మీదకి దిగిన పెద్దది భోగాపురం విమానాశ్రయం. రన్‌వే 3,800 మీటర్లు. తాటిచెట్లు పడుకోబెడితే 207. కొలిచి చూద్దామంటే ఆ చుట్టుపక్కల అన్ని తాటిచెట్లు ఇంకా ఉన్నాయో లేదో మరి.

ఇంతకీ మీ ఊరిది ఇందులో రాలేదా? అన్నిటికన్నా లావు చింతమానో, లోతైన నుయ్యో, పాత గంటో, ఎక్కువ మెట్ల కోనేరో ఉండే ఉంటుంది. రాసి పంపండి. కొలత మాత్రం మీరే స్వయంగా తీయండి. టేపు లేకపోతే నులకతాడు చాలు.